ఎక్కే లెక్క

తిరుమలగిరిలో రాత్రి ఎనిమిది. సూర్యాపేట–జనగామ రోడ్డు మీది లారీల హారన్లు ఇంట్లోకి వినిపిస్తున్నాయి. మీరు చాప మీద కూర్చున్నారు. ఎదురుగా పీట, దాని మీద నీళ్ల చెంబు, చెంబుకు ఆనించిన ఫోను. ఫోన్లో ఫీనిక్స్ నుంచి అన్న. అక్కడ పొద్దున ఏడున్నర. ఫీనిక్స్ గడియారాలు ఎండాకాలమని ముందుకు జరగవు, కాబట్టి ఈ పన్నెండున్నర గంటల తేడా ఏడాదంతా ఇంతే. పెద్దమ్మకు అది నోటికొచ్చు. మీ ఒళ్లో నోటుబుక్కు ఉంది. రాసే పని మీది.

"జూన్‌ల రమ్మంటున్నవ్ గదా బిడ్డా, ఆ గ్రాండ్ కాన్యన్ కాడ గప్పుడు ఎండ ఎట్లుంటది?"

"పైన చల్లగనే ఉంటదమ్మా. ఏడు వేల అడుగుల ఎత్తు. లోపలికి దిగినకొద్ది పెరుగుతది. అడుగున నలభై దాటుతది."

"నలభై అంటే మనకాడ గూడ ఉంటది. గప్పుడు పగటిపూట పొలం దిక్కు పోతమా? పొద్దుగాల్ల పోయి, ఎండ ముదరకముందే ఇంట్ల పడతం."

ఆ మాటతో జూన్ పోయింది. పార్కు వాళ్లు చెప్పేదీ అదే. వేసవిలో పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా లోయ లోపల నడవొద్దంటారు. అన్న క్యాలెండర్ తిప్పి అక్టోబర్ దగ్గర ఆగాడు. పిల్లలకు అప్పుడు బడి సెలవులు. 'అక్టోబర్, స్వెటర్లు' అని మీరు రాశారు. అప్పటికి లోయ అంచున రాత్రిళ్లు బాగా చలి.

ఎటువైపు వెళ్లాలన్నది తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. ఉత్తరపు అంచు చలికాలంలో మూతపడుతుంది. అక్కడున్న పాత లాడ్జిని 2025 జులైలో డ్రాగన్ బ్రేవో కార్చిచ్చు కాల్చేసింది. దక్షిణపు అంచు ఏడాదంతా తెరిచే ఉంటుంది, ఫీనిక్స్ నుంచి కారులో మూడున్నర గంటలు. పార్కు లోపలి గదులు నెలల ముందే నిండిపోతాయి కాబట్టి ఆ పని అన్న ఇవాళే చేయాలి. ముసలివాళ్లిద్దరికీ ప్రయాణ వైద్య బీమా కూడా.

ఇప్పుడు అసలు గొడవ. పదేళ్ల చిన్నోడు తెరలోకి దూరి, కొలరాడో నది దాకా దిగి చేతులు కడుక్కుని వస్తానంటున్నాడు. లోయ లోతు మైలు పైనే. ఒక్కరోజులో నది దాకా వెళ్లి తిరిగి రావద్దని దారిలోనే బోర్డులు పెట్టారు. వాడు వినేలా లేడు.

పెదనాయిన అప్పటిదాకా నోరు విప్పలేదు. "యాదగిరిగుట్ట ఎక్కుతం గదరా, ఓపికున్నప్పుడు ఎక్కుతం, అలిసినంక దిగుతం. గిది దిగుడుబాయి లెక్క. దిగుడు అల్కగనే ఉంటది. అలిసినంక ఎక్కాలె."

మీరు పెన్ను ఆపి ఆయన వైపు చూస్తారు. అమెరికా ఎప్పుడూ చూడని మనిషి ఆ లోయను సరిగ్గా పట్టుకున్నాడు. ఎక్కడానికి, దిగినదానికి రెట్టింపు సమయం పెట్టుకోమని పార్కు వాళ్లూ చెబుతారు. ఖరీదైన బూట్ల గురించి గంటలు గంటలు వెతికేవాళ్లు ఈ ఒక్క లెక్క మర్చిపోతారు.

దాంతో సౌత్ కైబాబ్ దారి కొట్టివేత. చూపుకు అదే అందం, కానీ నీళ్లు లేవు, నీడ తక్కువ. బ్రైట్ ఏంజెల్ దారి ఖాయం. మైలున్నర కింద ఒక విశ్రాంతి గది ఉంటుంది, అక్కడిదాకా దిగుడు సుమారు 340 మీటర్లు. ఏడింటికి బయల్దేరాలి. గది వచ్చినా రాకపోయినా ఎనిమిదింటికి వెనక్కి తిరగాలి. కొళాయి ఉందిలే అనుకోకుండా నీళ్లు ఎవరివి వాళ్లు మోయాలి. ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి ప్రాణం మీదికొస్తుంది. ఉప్పుగా ఏదైనా తింటూ ఉండాలి.

"సకినాలు తెస్త," అంది పెద్దమ్మ. ఈ మొత్తం ప్రణాళికలో వెంటనే ఆమోదం పొందింది ఇదొక్కటే.

"ఉడతలకు మాత్రం పెట్టకు అమ్మా. కరుస్తయి."

"కోతులతోని ఏగినోళ్లం, ఉడతలెంతరా."

మరి లోయలోకి దిగని ముసలివాళ్లు ఏం చేయాలి? నన్నడిగితే వాళ్లకు దొరికిన దారే మేలు. అంచు వెంబడి రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవున, నడవడానికి హాయిగా ఉండే కాలపు బాట ఉంది. ఒక్కో మీటరు పది లక్షల ఏళ్లకు లెక్క. పక్కనే లోయలోని రాళ్లను వయసు వారీగా నిలబెట్టారు. పాత చివరకు వెళ్తుంటే, సుమారు 175 కోట్ల ఏళ్ల నాటి విష్ణు శిల వస్తుంది. విష్ణు టెంపుల్ అనే శిఖరం పేరే ఆ రాయికి పెట్టారు. 1882లో ఈ లోయ మీద పెద్ద గ్రంథం అచ్చేసిన భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డట్టన్, ఇక్కడి శిఖరాలకు ప్రపంచంలోని దేవుళ్ల పేర్లు పెట్టే అలవాటు మొదలుపెట్టాడు. బ్రహ్మ, శివుడు, బుద్ధుడు, అందరి పేర్లూ ఉన్నాయి.

"గుడా? పూజారి ఉంటడా?"

"గుడి కాదమ్మా, ఉత్త కొండే. గ్రాండ్‌వ్యూ పాయింట్ కాడ కారు దిగితే కనబడతది."

"గట్లైతే ఒక కొబ్బరికాయ..."

"కొట్టనియ్యరు," అన్నాడు అన్న. ఆ పద్దు మీరు రాసుకోలేదు.

పెదనాయిన మోకాళ్లు రుద్దుకుంటున్నాడు. రెండు కిలోమీటర్లు చదునైనా, ఏడు వేల అడుగుల ఎత్తున ఆయాసం వస్తుంది. అలవాటు చేసుకోవడానికి మన దగ్గర గుట్ట ఏముంది? పక్కనే నాగారం మండలంలో ఫణిగిరి. గుట్ట మీద ఇక్ష్వాకుల నాటి బౌద్ధ విహారాలు, స్తూపం. 2024లో అక్కడి తవ్వకాల్లో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. కాన్యన్‌తో పోలిస్తే చిన్న గుట్టే, అయినా ఎక్కుడు ఎక్కుడే.

"ఆదివారం పొద్దుగాల్ల పోదాం," అన్నాడు పెదనాయిన. "ఐదింటికి. నీళ్ల సంచి నేనే మోస్త, బరువెంతనో ఎరుకైతది."

మీరు 'ఆదివారం ఐదు' అని రాశారు. ఫోన్లోంచి చిన్నోడు తనకూ ఒక గుట్ట కావాలంటున్నాడు. ఫీనిక్స్ చుట్టూ ఉన్నవన్నీ గుట్టలే కదా అని అన్న అంటున్నాడు.