పరపతి, సొసైటీ, సింగిల్ విండో

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వైపు పోతుంటే దారిలో కనిపించే బోర్డు: ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం. ఆ పేరు పూర్తిగా పలికేవాళ్ళని నేనింతవరకు చూడలేదు. 'సొసైటీ' అంటారు, లేదంటే 'సింగిల్ విండో'. పాత కాగితాల్లో 'పరపతి సంఘం' అని ఉండేది.

పరపతి అంటే అప్పు పుట్టించే మంచిపేరు. 19వ శతాబ్దపు జర్మనీలో రైఫైజెన్ నడిపిన సంఘాలకి ఇదే పునాది. తాకట్టుకి ఏమీ లేని రైతుకి తోటి సభ్యులందరూ పూచీ. ఒకడు ఎగ్గొడితే అందరూ కట్టాలి. బ్రిటిష్ ఇండియాలో 1904 చట్టం గ్రామ సంఘాలకి ఈ అపరిమిత బాధ్యతనే పెట్టింది. నిజాం రాజ్యం 1914లో తన సహకార చట్టం తెచ్చుకుంది. కాగితం మీద బానే ఉంది. కానీ దొర, జీతగాడు ఒకరికొకరు పూచీ ఉండగలిగిన ఊళ్ళా అవి? ముందు ఒక చాప మీద కూచోవాలి కదా! 1951-52లో దేశవ్యాప్తంగా జరిగిన గ్రామీణ పరపతి సర్వేలో, రైతుల అప్పుల్లో సహకార సంఘాలు ఇచ్చింది 3.1 శాతమేనని తేలింది.

దానికి సర్వే కమిటీ రాసిన మందు, సంఘాల్లో సర్కారు కూడా వాటాదారు కావడం. మాట అర్థం తిరగబడింది అక్కడేనని నా అనుమానం. సొమ్ము పైనుంచి వస్తే పెత్తనమూ పైనుంచే వస్తుంది. 1964 ఆంధ్రప్రదేశ్ సహకార చట్టం, ఎన్నికైన పాలకవర్గాన్ని తప్పించే అధికారం రిజిస్ట్రారుకిచ్చింది. 1987లో అప్పు, ఎరువు, విత్తనం ఒక్కచోటే అంటూ సింగిల్ విండో వచ్చింది. సౌకర్యమే, కాదనను. కానీ కిటికీ అన్నాక లోపల ఇచ్చేవాడు, బయట అడిగేవాడు ఉంటారు. సభ్యుడు బయటే నిలబడ్డాడు. ఈలోగా 'పరపతి' కూడా వాడుకలో పలుకుబడి అయిపోయింది. 'ఆయనకి పరపతి ఉంది' అంటే అప్పు పుడుతుందని కాదు, పనులవుతాయని.

అలా కాకుండా నడిచినవీ ఉన్నాయి. పాత కరీంనగర్ జిల్లా ములకనూరులో 1956లో పెట్టిన సంఘం ఇప్పటికీ సభ్యులదే. సర్కారు వాటా లేకుండా నడుపుకునే సంఘాలకోసం 1995లో వేరే చట్టమే వచ్చింది.

ఇక్కడ మాత్రం ఇప్పుడు సొసైటీ అంటే వడ్ల కొనుగోలు. 'కాంటా అయిందా?' అన్నదే కోతలప్పటి పలకరింపు. తేమ, గన్నీ సంచులు, లారీ, మిల్లు, ఎక్కడ ఆగినా కుప్ప ఆగుతుంది. 2021 నవంబరులో లింగంపేట కొనుగోలు కేంద్రంలో, తూకం కోసం ఎదురుచూస్తూ ఒక రైతు వడ్ల కుప్ప దగ్గరే చనిపోయాడు. ఇట్లా కుప్పల దగ్గర కావలి పడుకునేవాళ్ళలో సొసైటీ షేరు ఉన్నవాళ్ళూ ఉంటారు. వాళ్ళు కూడా లారీ ఎప్పుడొస్తదని సొసైటీనే అడుగుతారు.