అవ్వ చెప్పిన వరుస, చరిత్ర చెప్పే వరుస



పోయిన పోస్టు పొడుగైందని కొందరు అన్నారు. ఇదీ పొడుగే. కాఫీ తెచ్చుకుని కూర్చోండి. అక్షర దోషాలుంటే మన్నించాలి. మేము కోవిల్‌పట్టి పక్కన బడిలో తమిళంలో చదువుకున్నవాళ్లం. ఇంట్లో మాట తెలుగు, పలక మీద అక్షరం తమిళం. తెలుగు అక్షరాలు రైల్వేలో రిటైరయ్యాక, ఇక్కడ బెంగళూరులో, మనవరాలి పక్కన కూర్చుని దిద్దుకున్నాం. మొదట రావలసింది చివర్న వచ్చింది. అందుకేనేమో, వరుస తప్పిన బతుకుల కథంటే మాకు కొంచెం మక్కువ.

ఈసారి మన ఆదివారం కూటమిలో కి. రాజనారాయణన్ గారి 'గోపల్ల గ్రామం' నవల తీసుకున్నాం. 1976లో తమిళంలో వచ్చింది. ఆయన ఇంటి భాష తెలుగే. ఊరు ఇడైసెవల్, కోవిల్‌పట్టికి దగ్గర. ఆయన బతుకూ వరుసలో నడిచింది కాదు. 1923లో పుట్టి, చిన్నప్పుడే బడి మానేసి, సేద్యం చేసుకుని, ముప్పై దాటాక కథలు రాశారు. అరవై దాటాక పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ని పిలిచి ప్రొఫెసర్ని చేసింది. ఈ నవలకు తరువాయిగా రాసిన పుస్తకానికి 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. 2021 మే 17న పోయారు. ప్రభుత్వ లాంఛనాలతో సొంత ఊళ్లో అంత్యక్రియలు జరిగాయి.

నవల చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. కుంఫిణీ రోజుల్లో కరిసల్ నేలలో, అంటే మన నల్లరేగడిలో, ఒక తెలుగు ఊరు. కథ ఆ ఊరి పుట్టుకతో మొదలు కాదు. ఊరు స్థిరపడ్డాక మొదలవుతుంది. దారిన పోయే ఒక ఆడమనిషిని దొంగ చంపేస్తాడు, ఊరంతా కూడుతుంది. ఆ తర్వాత గానీ నూరేళ్లు దాటిన మంగత్తాయారు అవ్వ నోరు తెరవదు. అప్పుడు కథ వెనక్కి పోతుంది: తెలుగు దేశం, చెన్నాదేవి అనే అందగత్తె, ఆమెను కోరిన ముస్లిం రాజు, రాత్రికి రాత్రి పరుగు, అడ్డంగా నది, దాటడానికి వంగిన చెట్టు, చివరికి అడవి నరికి చేసుకున్న చేను. మళ్లీ కథ ముందుకొచ్చి తెల్లవాళ్ల పాలన దగ్గర ఆగుతుంది.

కూటమిలో అభిప్రాయాలు నాలుగు దిక్కులకు పోయాయి. సాఫ్ట్‌వేర్ పని చేసే ఒక అబ్బాయి, వరుసగా చెబితే ఏం పోయింది, తల తిరిగింది అన్నాడు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఒకాయన, లెక్క కుదరదు అన్నారు. ఒక పెద్దమ్మ మాత్రం, మా నాయనమ్మ కూడా ఇదే చెప్పేది, ఆ చెట్టుతో సహా, అని కళ్లు తుడుచుకుంది. ఇంతవరకు బాగుంది. ఆ రాత్రి మన వాట్సాప్ గ్రూపులో ఒకరు, చూశారా, వాళ్లే మనల్ని తరిమారు, ఇదిగో రుజువు, అని పెట్టారు. దాని కింద ఇంకా కొన్ని మాటలు పడ్డాయి, ఇక్కడ మళ్లీ రాయలేం. ఈ పోస్టు ఆ మాటల కోసమే.

ముందు లెక్క. రిటైరైన మాస్టారు అన్నది నిజం. కుంఫిణీ కాలంలో బతికున్న అవ్వ తన కళ్లతో చూసిన పరుగు అంటే, ఎంత వెనక్కి లాగినా 18వ శతాబ్దం దాటదు. తెలుగువాళ్లు అంతకు ఎంతో ముందే అక్కడున్నారు. విజయనగర రాకుమారుడు కుమార కంపన మధుర మీదికి వెళ్లింది 14వ శతాబ్దంలో. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మధురలో నాయక రాజ్యం పెట్టాడు. నేలను 72 పాలెంలుగా పంచారని చెబుతారు. ఆ పాలెగాళ్లలో ఎందరో తెలుగువాళ్లు. 1799లో కయత్తారులో ఉరి తీసిన కట్టబొమ్మన వంశమూ తెలుగు మాట్లాడే రాజకంబళం వాళ్లదే. సైన్యం వెంట రైతులు పోయారు. రేగడి నేల తెలిసినవాళ్లు రేగడి నేల వెతుక్కున్నారు. అంటే మన పెద్దలు అందరూ పారిపోయి రాలేదు. కొందరు కత్తితో వచ్చారు, కొందరు నాగలితో. ఎవరూ పారిపోలేదని మేము అనడం లేదు. అందరినీ ఒకే రాత్రి, ఒకే రాజు తరిమాడన్నది కుదరదు, అంతే.

ఇప్పుడు మన బెంగళూరు సంగతి. విమానాశ్రయం దాటి, దేవనహళ్లి దాటి పోతే ఆవతి అనే ఊరు వస్తుంది. మొరసు ఒక్కలిగల పూర్వీకులు మొదట ఆగింది అక్కడే. దేవనహళ్లి, దొడ్డబళ్లాపురం, చిక్కబళ్లాపురం పాలెగాళ్లు ఆ వంశాలవాళ్లే. 1537లో ఈ బెంగళూరు కట్టిన కెంపేగౌడ కూడా ఆ కొమ్మవాడే. వాళ్ల కథ బి. ఎల్. రైస్ మైసూరు గెజెటీర్‌లో ఉంది. కంచి వైపు ఏడు కుటుంబాలు. వాళ్లకు దొడ్డమ్మ అనే ఆడపిల్ల. తమ కులం కాని బలవంతుడైన పాలకుడు ఆమెను కోరాడు. రాత్రికి రాత్రి బండ్లు కట్టారు. పాలారు పొంగి అడ్డం వచ్చింది. పిల్ల తన చెవి కమ్మ గంగమ్మకు సమర్పిస్తే నీళ్లు విడిపోయి దారి ఇచ్చాయి.

చూశారా? అదే ఆడపిల్ల, అదే రాత్రి, అదే నది. మన కథలో ఉత్తరం నుంచి దక్షిణానికి పరుగు. వీళ్ల కథలో కంచి నుంచి ఇటు వాయవ్యానికి. చెట్టు బదులు చెవి కమ్మ. తరిమినవాడు ముస్లిం కాదు, కులం వేరైన పాలకుడు. 1909లో థర్‌స్టన్ అచ్చు వేసిన కులాల పుస్తకాల్లో, కంబళం వాళ్ల కథలోనూ నది దగ్గర వంగే చెట్లున్నాయి. కథ ఒకటే. తరిమినవాడి పేరు మాత్రం ఎవరు చెబితే వాళ్లు, అప్పటి భయాన్ని బట్టి పెట్టుకున్నారు.

రుజువు అన్నవారికి ఇంకొక్క మాట. విజయనగరం మీద 1565 యుద్ధంలో గోలకొండ నుంచి వచ్చినవాడు ఇబ్రహీం కుతుబ్ షా. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఆ ఇబ్రహీంకే. పొన్నెగంటి తెలగన్న అచ్చ తెలుగులో రాసిన 'యయాతి చరిత్ర' అంకితం పుచ్చుకున్నది ఆ రాజ్యంలోని అమీన్ ఖాన్. యుద్ధం చేసిన చెయ్యీ, తెలుగు పద్యానికి పీట వేసిన చెయ్యీ ఒకటే. చరిత్రలో ఒక కాగితం పట్టుకుని రెండోది చించేస్తే ఎట్లా?

అయితే అవ్వ అబద్ధం చెప్పిందా? ఇక్కడే మా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా అమ్మ కూడా ఈ కథ చెప్పేది. మేము అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లం. రిజిస్టర్లో ఒక తేదీ తప్పితే పై అధికారితో మాట పడే రోజులు. అమ్మ నది దాకా వచ్చేసరికి, అది ఏ సంవత్సరం, ఏ రాజు, నువ్వు చెప్పేది కుదరదు, అని అడ్డం పడేవాళ్లం. రెండు మూడు సార్లు నవ్వి ఊరుకుంది. తర్వాత చెప్పడం మానేసింది. నది దాటాక వాళ్లు ఏం తిన్నారు, మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు, మొదటి చేనులో ఏం వేశారు, అదంతా అమ్మతోనే పోయింది. సంవత్సరాలు ఏ లైబ్రరీలో అయినా దొరుకుతాయి. అవి దొరకవు.

అవ్వలు చెప్పేది తేదీల వరుస కాదు. ఏది ఎక్కువ నొప్పి పెట్టిందో అది ముందు వస్తుంది. ఆడపిల్లను బలవంతుడికి ఇవ్వం అని ఇల్లూ వాకిలీ వదిలేశాం, ఆ కథకు ప్రాణం ఈ ఒక్క మాట. దాన్ని పట్టుకుంటే మన ఇంటి ఆడపిల్లల మాట వినడం నేర్చుకుంటాం. రాజు మతాన్ని పట్టుకుంటే పక్కింటివాడితో తగువు తప్ప ఏమీ మిగలదు. నవల వరుస తప్పి ఎందుకుందని అడిగిన అబ్బాయికీ మా జవాబు ఇదే. ముందు ఊరు ఎట్లా బతుకుతోందో చూపి, ఆ తర్వాత ఏం పోగొట్టుకుని వచ్చారో చెప్పారు. మొదట ఏడుపు పెట్టి ఉంటే ఊరు కనబడేది కాదు.

వచ్చే కూటమికి ఒక పని. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఫోన్లో రికార్డింగ్ పెట్టి, ఊరు ఎట్లా వచ్చాం అని అడగండి. మధ్యలో దిద్దకండి. సంవత్సరాలు, రాజులు వేరే కాగితం మీద రాసుకుని రండి, అవి మనం కూర్చుని సరిచూద్దాం. రెండు కాగితాలూ తేవాలి. ఒక్కటే తెస్తే కాఫీ లేదు.