ఆ మొదటి వారం

"బెంగళూర్నించి తలనొప్పని వచ్చినాడు సార్. ఊర్లో ఆర్‌ఎంపీ పదైదు దినాలు సూదులేసినాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తాండె. మొన్నట్నించి ఒకటే వాంతులు. నిన్న నన్నే పట్టుకుని నువ్వెవరని అడిగినాడు."

బత్తలపల్లి ఆసుపత్రి మంచం పక్కన నిలబడి ఆ తల్లి చెప్పుకుపోతోంది. కొడుక్కి ముప్పై ఏళ్లుంటాయి. మేస్త్రీ పని. వేరుశనగ పోయిన ఏడు ఊరు వదిలాడు. మెడలో ఎర్రదారం, దానికో రాగి తాయెత్తు. గాలి సోకిందని ఎవరో కట్టారు. డాక్టరు తల కింద చెయ్యి పెట్టి మెల్లగా లేపితే మెడ వంగలేదు, భుజాలు కూడా తలతో పాటే లేచాయి. ఎడమ కన్ను ముక్కువైపు తిరిగిపోయింది. హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ మందులు ఆపేసి ఎన్నాళ్లయిందని అడిగితే తల్లి తల దించుకుంది. ఆ మందుల సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"వెన్నులో నీళ్లు తీయాలమ్మా."

"వద్దు సామీ, నడుములో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయంట."

"అట్లేం కాదు. వెన్నుపాము పైనే ఆగిపోతుంది. మేం గుచ్చేది దానికింకా కింద."

పక్కకు తిప్పి, మోకాళ్లు గడ్డానికి ఆనేలా ముడిచి పట్టుకున్నారు. నీరు చుక్క చుక్కగా గాజుగొట్టంలోకి దిగింది. మంచినీళ్లంత తేటగా ఉండాల్సింది, కొంచెం మసకేసి ఉంది. కదపకుండా నిలబెడితే కాసేపటికి అందులో సాలెగూడు లాంటి సన్నని తెర కట్టింది. తెల్ల కణాలెక్కువ, ప్రొటీన్ ఎక్కువ, చక్కెర తక్కువ. మెదడు పొరలకు టీబీ.

ఈ తల్లీ కొడుకులు ఫలానా మనుషులు కారు. ఆ జబ్బు నడిచే తీరును బట్టి నేను అల్లినవాళ్లు. ఇకపై వచ్చే పేర్లు, మందులు, అంకెలు మాత్రం కల్పితం కావు.

1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి మొదలుపెట్టిన సంస్థను ఇక్కడ అందరూ ఆర్డీటీ అనే అంటారు. బత్తలపల్లిలో ఆ సంస్థ ఆసుపత్రి, కదిరి రోడ్డు మీద. జిల్లాల విభజన తర్వాత ఆ మండలం శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, రోగుల నోట అది ఇప్పటికీ అనంతపురమే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల వివరాలను ఏళ్ల తరబడి వరసగా రాసిపెట్టుకున్న ఆసుపత్రి ఇది. స్పెయిన్ నుంచి వచ్చిన డాక్టర్ గెరార్డో అల్వారెజ్ ఉరియా, ఆయనతో మనోరంజన్ మిద్దె, రాఘవకల్యాణ్ పాకం, ప్రవీణ్ కుమార్ నాయక్ కలిసి ఆ లెక్కల్లోంచి ఎన్నో పరిశోధన పత్రాలు తెచ్చారు. అందులో ఒకటి ఈ జబ్బు మీద.

ఆ పత్రం ప్రకారం, హెచ్‌ఐవీతో పాటు మెదడు టీబీ వచ్చినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది చనిపోతారు. అదీ ఎక్కువమంది మొదటి నెలలోనే. అంటే నెలల తరబడి సాగే మందుల కోర్సు ఎంత బాగున్నా, మొదటి కొన్ని రోజులు గట్టెక్కకపోతే ఆ మిగతా నెలలతో పనే లేదు.

చంపేది టీబీ క్రిమేనా అంటే, అది ఒక్కటే కాదు. 1919లో మాడ్రిడ్‌లో పియో డెల్ రియో ఓర్తెగా అనే శాస్త్రవేత్త వెండి లవణాలతో మెదడు కణజాలానికి రంగెక్కించి, అంతదాకా ఎవరికీ విడిగా చిక్కని చిన్న కణాలను చూపించాడు. మైక్రోగ్లియా అని పేరు పెట్టాడు. మెదడులోనే కాపురముండే రక్షణ కణాలవి. మామూలప్పుడు సన్నని కొమ్మలు చాచి చుట్టుపక్కల తడుముతుంటాయి, తేడా కనిపిస్తే కొమ్మలు ముడుచుకుని మీదపడి మింగేస్తాయి.

టీబీ క్రిమి మెదడుకు చేరితే దూరేది ఈ కణాల్లోకే. 2005లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో రాక్ బృందం మనిషి మెదడు కణాలను గాజుపాత్రలో పెంచి ఈ సంగతి చూసింది. క్రిమి పక్కనున్న ఆస్ట్రోసైట్లనే వేరే రకం మెదడు కణాలను పెద్దగా పట్టించుకోలేదు, మైక్రోగ్లియాలో మాత్రం పెరిగింది. ఆ కణాలు ఊరుకోలేదు, వాపు రేపే రసాయనాలను కుమ్మరించాయి. అదే పాత్రలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వేస్తే ఆ కుమ్మరింపు తగ్గింది. దొంగను పట్టబోయి కావలివాడే కొట్టానికి నిప్పంటించినట్టు, ఇక్కడ నష్టంలో చాలా భాగం మన రక్షణ వల్లే. మెదడు అడుగున చిక్కటి జిగురు పేరుకుంటుంది. నీరు పోయే దారులు మూసుకుని మెదడు ఉబ్బుతుంది. ఆ జిగురులోంచి పోయే రక్తనాళాలు వాచి పూడుకుపోతే పక్షవాతం. కంటి నరం నలిగితే మెల్ల. మంచం మీది కుర్రాడి ఎడమ కన్ను అలా తిరిగిందే.

అందుకే వైద్యం రెండు వైపులా జరగాలి: క్రిమిని చంపాలి, వాపును అణచాలి. రెండోదానికి ఆధారం 2004లో వియత్నాం నుంచి వచ్చింది. 545 మంది మీద చేసిన పరీక్షలో డెక్సామెథసోన్ ఇచ్చినవాళ్లలో 31.8 శాతం, ఇవ్వనివాళ్లలో 41.3 శాతం చనిపోయారు. అయితే ఆ 545 మందిలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 98 మందే.

బత్తలపల్లి వైద్యులు పట్టుకున్నది మొదటి వైపును. మామూలు టీబీ మందులు ఊపిరితిత్తులకు సరిపోతాయి. మెదడుకూ రక్తానికీ మధ్య అడ్డుగోడ ఉంది, ఇథాంబ్యుటాల్, స్ట్రెప్టోమైసిన్ దాన్ని దాటడం కష్టం, రిఫాంపిసిన్ కూడా కొంచెమే దాటుతుంది. వాళ్లు జాబితా మార్చారు. గోడ దాటే లెవోఫ్లాక్ససిన్, ఇథియోనమైడ్, పైరజినమైడ్ పెట్టారు. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్‌ల మోతాదు రెట్టింపు చేశారు. కాలేయం మీద బరువైన మందులివి, ఇథియోనమైడ్ అయితే కడుపులో తిప్పేస్తుంది, నెలల తరబడి ఇస్తే తట్టుకోవడం కష్టం. కాబట్టి మొదట్లోనే, కొద్ది రోజులే. సగటు రోగికి 7 రోజులు.

2013లో అచ్చయిన లెక్క ఇది: పాత పద్ధతితో పోలిస్తే ఏడాది లోపు మరణాలు నూటికి 21.5 తగ్గాయి.

కరువు మండలంలోని ఒక ట్రస్టు ఆసుపత్రి నుంచి ఈ అంకె వచ్చిందని నాకు గర్వమే. అయినా అది చీటీలు వేసి రోగులను రెండు జట్లుగా విడదీసి చేసిన పరీక్ష కాదు. మందు మార్చక ముందు ఎంతమంది, మార్చాక ఎంతమంది అన్న పోలిక. ఆ మధ్యలో నర్సుల చేయి తిరిగి ఉండొచ్చు, రోగులు కాస్త ముందుగా వస్తుండొచ్చు. అదే ఏడాది ఇండొనేసియాలోని బాండుంగ్‌లో 60 మందితో చేసిన చిన్న పరీక్ష బత్తలపల్లి వైపే మొగ్గింది: రిఫాంపిసిన్ ఎక్కువ మోతాదు నరంలోకి ఎక్కించినవాళ్లలో 35 శాతం, మామూలు మోతాదు వాళ్లలో 65 శాతం మరణాలు. కానీ 2016లో వియత్నాంలో 817 మంది మీద జరిగిన పెద్ద పరీక్షలో, రిఫాంపిసిన్ కొంత పెంచి లెవోఫ్లాక్ససిన్ కలిపినా ప్రాణాలు అదనంగా దక్కలేదు. అక్కడ పెంచింది రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్లు. ఇథియోనమైడ్ లేదు. అంతమాత్రాన బత్తలపల్లి గెలిచిందనడానికీ లేదు.

మన కుర్రాడి విషయంలో ఇంకో చిక్కుంది. ఆపేసిన ఏఆర్‌టీ వెంటనే మొదలుపెడితే మంచిదే కదా అనిపిస్తుంది. తల్లి అడిగిందీ అదే.

"ఆ మాత్రలు మళ్లీ ఎప్పుడిస్తారు సార్?"

"కొన్ని వారాలు ఆగాలమ్మా. ఇప్పుడిస్తే ఒంట్లో బలం ఒక్కసారిగా లేచొస్తుంది. ఆ బలమంతా మెదడు మీదే పడుతుంది."

నిద్రపోయిన రక్షణ వ్యవస్థ లేస్తూనే మెదడులోని క్రిమి మీద విరుచుకుపడితే, వాపు మొదటికంటే ముదురుతుంది. 2011లో వియత్నాంలో 253 మందిని చూసి తేల్చిందేమంటే, ఏఆర్‌టీ వెంటనే ఇచ్చినా రెండు నెలలు ఆగి ఇచ్చినా మరణాల్లో తేడా లేదు, వెంటనే ఇచ్చినవాళ్లకు తీవ్రమైన ఇబ్బందులు మాత్రం ఎక్కువ. అందుకే ఆగడం.

మరి స్టెరాయిడ్? హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకే ప్రత్యేకంగా, వియత్నాం, ఇండొనేసియాల్లో 520 మంది మీద చేసిన పరీక్ష ఫలితం 2023లో వచ్చింది. డెక్సామెథసోన్ ఇచ్చినవాళ్లలో 44.1 శాతం, ఇవ్వనివాళ్లలో 49 శాతం చనిపోయారు. ఆ తేడా మందు వల్లేనని చెప్పడానికి చాలదని తేల్చారు. హాని కూడా కనిపించలేదు కాబట్టి చాలా చోట్ల ఇప్పటికీ ఇస్తూనే ఉన్నారు.