గోపురము లేని పత్రిక

పుదుచ్చేరిలో కాలువకు తూర్పుగా సముద్రమువరకు సాగిన పరాసుల (ఫ్రెంచివారి) వీథులలో మేడలనగా సాధారణముగ రెండంతస్తులే. 1836లో వెలిగించిన పాత దీపస్తంభము వాని మీదుగా తలయెత్తి నిలుచును. ఇట్టి పట్టణమును 1908లో ఒక పత్రిక శరణు జొచ్చెను. తిరుమలాచార్యులవారి యాజమాన్యమున మద్రాసులో 1906లో వెలసిన ‘ఇండియా’ వారపత్రికపై ఆంగ్లప్రభుత్వము రాజద్రోహాభియోగము మోపి, సంపాదకుడుగా పేరు నమోదైయుండిన శ్రీనివాసన్‌గారిని నిర్బంధింపగా, వాస్తవముగ సంపాదకత్వము నెరపుచుండిన తమిళకవి సుబ్రహ్మణ్యభారతి సరిహద్దు దాటి ఇచ్చటికి వచ్చి, కొలదికాలమునకే, అచ్చుసామగ్రియు తన్నంటి రాగా, అదే పత్రికను మరల వెలువరింపసాగెను. మొదటిపుటలో రాజకీయ వ్యంగ్యచిత్రము దాని ప్రత్యేకత.

వార్తాసంగ్రహము ఈ యూరికి క్రొత్త కాదు. పరాసు గవర్నరు డూప్లే దొర దుబాసియైన ఆనందరంగపిళ్లె 1736 మొదలుకొని రేవునకు వచ్చిన ఓడలు, కోటలోని మంతనములు, బజారు వదంతులు సమస్తమును దినచర్యయందు వ్రాసి యుంచెను. కస్తూరి రంగకవి తెలుగున ‘ఆనందరంగరాట్ఛందము’ను రచించినది ఈయన పేరిటనే. ఆయన భవనమున క్రింద దేశీయమైన చెక్కుడు కొయ్యస్తంభములు, పైయంతస్తున పాశ్చాత్యరీతి సున్నపు కంబములు నేటికిని నిలిచియున్నవి.

పుదుచ్చేరి మేడలు ఇట్లు రెండంతస్తులతో సరిపెట్టుకొనగా, ‘ఇండియా’ వెలయుటకు ముందే న్యూయార్కు పత్రికాధిపతుల దృష్టి మింటిమీద ఉండెను. జోసెఫ్ పులిట్జరు తన ‘వరల్డ్’ పత్రికకై 1890లో 309 అడుగుల సౌధము కట్టించి, ఆ నగరమున చిరకాలము సర్వోన్నతమై యుండిన ట్రినిటీ చర్చి శిఖరమును మించిపోయెను. అచ్చుయంత్రములకు నేలమాళిగ, అధిపతికి బంగారువన్నె గుమ్మటము క్రింది గది. కాని సౌధము పూర్తియగునాటికి ఆయన కన్నులకు చీకటి గ్రమ్మినది, స్వల్పమైన సవ్వడిని సైతము సహింపలేని వ్యాధి తోడైనది. నగరమంతయు పాదములక్రింద కానవచ్చు ఆ గదిలో ఆయన కూర్చున్నది బహుస్వల్పము. 1955లో ప్రక్కనున్న వంతెనకు పోవు దారిని విస్తరించుటకై ఆ సౌధమును పడగొట్టిరి.

చోటు చాలక మేడలు పెంచితిమని పత్రికలవారు చెప్పుకొనినను, అది సగము మాటయే. పై అంతస్తుల అద్దె ఒక రాబడి, భవనమే ఒక ప్రకటన. చికాగో ‘ట్రిబ్యూన్’ 1922లో ప్రపంచ వాస్తుశిల్పులకెల్ల పోటీ పెట్టి, 1925లో ముగించిన గోపురపు క్రిందిగోడలలో తాజమహలు మొదలుగాగల దేశదేశాల కట్టడముల రాళ్లను పొదిగించెను. 2018లో పత్రిక ఆ గోపురమును వీడినది; ఇప్పుడందు సంసారములు కాపురమున్నవి.

మన ‘ఆంధ్రప్రభ’ను 1938లో మద్రాసున నెలకొల్పిన ఎక్స్‌ప్రెస్ సంస్థ, రామనాథ గోయంకా ఆధ్వర్యమున, బొంబాయిలో సముద్రమును పూడ్చి సంపాదించిన నారిమన్ పాయింటు నేలపై 1972లో 25 అంతస్తుల ఎక్స్‌ప్రెస్ టవర్స్‌ను నిలిపెను. జోసెఫ్ అలెన్ స్టైన్ దాని వాస్తుశిల్పి. కట్టడము పెరిగినకొలది లీజులు, అనుమతులు, ప్లానులు పత్రికను చుట్టుకొనును. అదే సంస్థ ఢిల్లీ భవనమున చేపట్టిన క్రొత్త కట్టడమును కూల్చెదమని 1980లో ప్రభుత్వము నోటీసు లిచ్చెను. పత్రికపై కక్షతో ఇచ్చినవని యజమానులు న్యాయస్థానమున మొఱపెట్టుకొనిరి. 1985లో సుప్రీంకోర్టు ఆ నోటీసులను కొట్టివేసినది.

భారతి పత్రికకు ఈ చిక్కు లేకపోయెను. పరాసుల నేలపై దాని అచ్చుకూటమును ఆంగ్లేయులు తాకజాలరైరి. అయితే పాఠకులలో అధికులు సరిహద్దుకు ఆవలనే ఉండిరి గదా! ప్రభుత్వము తన రాజ్యమున ఆ పత్రికను నిషేధించి, దాని ప్రతులు లోనికి రాకుండ కట్టుదిట్టము చేయుటతో, చందాలు రాక, 1910లో అది నిలిచిపోయినది. అచ్చుకూటము ఎంత సురక్షితమైనను తపాలా సంచి ఆగినచో వారపత్రిక బ్రదుకజాలదు.

‘ఇండియా’ పుదుచ్చేరి చేరిన ఆ 1908లోనే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా ప్రారంభించిరి, 1914లో అది మద్రాసునుండి దినపత్రికయైనది. ఆకాశహర్మ్యపు అద్దెలు గాక, పంతులుగారి తలనొప్పి మందైన అమృతాంజనము డబ్బీల అమ్మకము దానికి అండయైనది. పంతులుగారి సొమ్ము ఇటుకలకంటె ముందు పుస్తకములకును, జాతీయోద్యమమునకును పోవుచుండెను.