మొవ్వునకు వైద్యము

మామిడికి కొమ్మ విరిగినను, చింతకు తల నరికినను, ప్రక్కనుండి మరియొక చిగురు తొడిగి చెట్టు నిలుచును. తాడికిని కొబ్బరికిని ఆ యవకాశము లేదు. కాండాగ్రమున ఆకుతొడిమలు పొరలుపొరలుగా కప్పియుంచిన మొవ్వొక్కటియే వాని ప్రాణస్థానము. అది కుళ్ళినచో ఏబదియేండ్ల మ్రానైనను మోడు కావలసినదే. గోదావరి డెల్టాలోని గృహస్థుడు వానలు పట్టినప్పుడు తన పెరటిచెట్టును గూర్చి పడు దిగులునకు మూలమిదియే.

ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములనాటికి, అప్పటి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాయందు తాటిచెట్లు గుంపులుగుంపులుగా చచ్చుచుండెను. తాటియాకు ఇంటికప్పు, తాటిమ్రాను దూలము, ముంజెలు వేసవిలో పిల్లల తిండి, కల్లు గీతవృత్తివారి జీవనాధారము. కాపునకు వచ్చుటకే పదునైదిరువది యేండ్లు పట్టు చెట్టగుటచే, పోయినదాని చోట క్రొత్తది నాటిన ముదుసలి దాని ఫలముననుభవించుట కల్ల. రోగము మొదట కంటబడదు. ఆకుతొడిమపై మచ్చ యేర్పడి, దానినుండి లోపలి పొరకును, ఆ పొరనుండి ఇంకను లోనికిని కుళ్ళు ప్రాకును. నడిమి లేతాకు వన్నె తప్పి, పట్టి లాగినంతనే దుర్గంధముతో ఊడివచ్చునాటికి మొవ్వు మురిగియే యుండును. చుట్టునున్న ముదురాకులు అప్పటికిని పచ్చగనే కనబడుటచే, చెట్టు చచ్చినదను సంగతి క్రిందనుండి చూచు యజమానికి చాల ఆలస్యముగా తెలిసెడిది.

ఈ యుపద్రవమును శాస్త్రీయముగా శోధించినవాడు బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయమున శిలీంధ్రశాస్త్రజ్ఞుడుగా నుండిన ఎడ్విన్ జాన్ బట్లరు. తొడిమల సందులలో నిలిచిన తడియందు ఈదుచు వ్యాపించు సూక్ష్మబీజములు గల జీవియే దీనికి కారణమని ఆయన తేల్చి, 1907లో దానికి పిథియం పాల్మివోరం అని పేరిడి, 1919లో ఫైటోఫ్తొరా ప్రజాతికి మార్చెను. నేడు ప్రపంచమందు రబ్బరును, బొప్పాయిని, కోకోను పీడించు ఫైటోఫ్తొరా పాల్మివోరా యనునది గోదావరి తాటిచెట్టు మొవ్వునుండియే శాస్త్రలోకమునకెక్కినది. మన జిల్లా చరిత్రలు వ్రాయువారు దీనినొక పుటలోనైన చేర్చవలెనని నా కోరిక.

రోగము సోకిన చెట్ల తలలు నరికి తగులబెట్టుటయే నాడు తోచిన ఉపాయము. మద్రాసు వ్యవసాయశాఖ ఇందులకై ప్రత్యేక సిబ్బందిని నియమించి, ఊరూర చెట్లను పరీక్షింపజేసి, వేలకొద్ది మొవ్వులను నరికించి కాల్పించినది. ఇంకను పచ్చనాకులు నిలిచియున్న చెట్టును నరుకుటకు ఇంటివారి మనసొప్పకపోవుట సహజమే. అయినను నరికిన చెట్టు అప్పటికే చావు తప్పనిది, నరకనిచో దానినుండి కుళ్ళు పొరుగు చెట్లకు ప్రాకెడిది. కావున ఆ చర్యను క్రూరమని నేననజాలను. 1919లో మద్రాసు రాజధానికి వ్యవసాయ పురుగుల, తెగుళ్ళ చట్టము వచ్చినది. దాని ప్రకారము తెగులు ప్రకటింపబడిన ప్రాంతమున భూమిననుభవించువాడే నివారణ చేయవలెను. చేయనిచో అధికారులే చేయించి ఖర్చు రాబట్టుదురు.

రోగమును ముందుగ గుర్తించినచో చెట్టును బ్రతికించు మార్గము మైలతుత్తమునుండి లభించినది. ఫ్రాన్సు దేశమున ద్రాక్షతోటల బూజుతెగులునకు 1885లో మిలార్డే ప్రకటించిన బోర్డో మిశ్రమమే అది. మొవ్వులో కుళ్ళిన భాగమును ఆరోగ్యమైన కణజాలము కనబడువరకు పదునైన కత్తితో చెక్కి తీసి, నూరేసి గ్రాముల మైలతుత్తమును, పొడిసున్నమును అరలీటరేసి నీటిలో వేరువేరుగా కలిపి, పిమ్మట రెంటిని చేర్చిన లేపనమును అద్దుదురు. మిశ్రమము కుదిరినదో లేదో తెలియుటకు శుభ్రమైన కత్తిమొనను అందులో ముంచిన చాలును; ఇనుముపై రాగివన్నె యెక్కినచో సున్నమింకను కావలెను, లేనిచో ఆ మందు లేతకణజాలమునే మాడ్చును. లేపనమద్దిన పిదప క్రొత్తాకు వెలువడువరకు వాననీరు దిగకుండ మొవ్వుపై మూత కప్పవలెను.

ఇంతటి వైద్యమును ముప్పదియడుగుల ఎత్తున, కాళ్ళకు బంధము తగిలించుకొని చేయువాడు దింపు కార్మికుడు. నెలన్నరకో రెండునెలలకో కాయ దింపుటకెక్కినప్పుడు మొవ్వును చూచువాడతడొక్కడే. కొమ్ముపురుగు తొలిచిన రంధ్రమునందు ఇనుపకొక్కెము దూర్చి పురుగును లాగివేయువాడును, ఎండుమట్టలను పొత్తులను తీసి తలను శుభ్రము చేయువాడును అతడే. 1996 నవంబరు తుపాను కోనసీమ తోటలను పడగొట్టినపుడు ఈ చేతుల విలువ ఎల్లరకు తెలియవలసినది, ఏలయన కూలిన మ్రానులు మురిగినచోటనే కొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టును. కేరళలో చెట్టెక్కువారు కరవగుచుండగా కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో యువకులకు, స్త్రీలకు యంత్రముతో చెట్టెక్కుటయు, తెగుళ్ళ నివారణయు కలిపి నేర్పు శిక్షణ ప్రారంభించి, వారికి ప్రమాదబీమా కల్పించినది. మనయొద్దను కాయల లెక్కకే గాక, మొవ్వు చూచినందులకును వేరుగా కూలి యీయవలెనని నేను గట్టిగా చెప్పుదును. కాయలేని చెట్టును ఎక్కి చూడుమన్నచో ఏ కార్మికుడు ఊరకే ఎక్కును?

గోదావరి కొబ్బరితోటలలో ఇప్పుడు అంతరపంటగా కోకో వేయుచున్నారు. పైని మొవ్వును కుళ్ళించు ఆ ఫైటోఫ్తొరాయే క్రింద కోకోకాయను నల్లబరచి కుళ్ళించును. కనుక వానకాలమున కొబ్బరితల శుభ్రపరచిననాడే నల్లబడిన కాయలను సైతము కోసి తోట వెలుపల పూడ్చుచుండవలెను.