యుద్ధంలో నిషేధం, వేటలో నిబంధన

1899లో హేగ్ నగరంలో కూడిన దేశాల్లో చాలావరకు ఒక మాట మీదికి వచ్చాయి: ఒంట్లో దిగగానే విచ్చుకునే బుల్లెట్లను యుద్ధంలో వాడకూడదు. 1963లో బ్రిటిష్ పార్లమెంటు ఇంగ్లండ్, వేల్స్‌ల కోసం జింకల చట్టం చేసింది. రైఫిల్‌తో జింకను కాల్చేవాళ్లు సరిగ్గా అలాంటి బుల్లెట్లే వాడి తీరాలని అందులో షరతు పెట్టింది. సైనికుడి మీద కూడదన్నది జింక మీద తప్పనిసరి అయింది. వినడానికి దారుణంగా ఉన్నా ఆ షరతు దయతో పెట్టిందే. గాయపడ్డ సైనికుణ్ణి మోసుకెళ్లడానికి తోటివాళ్లుంటారు, కట్టు కట్టడానికి డాక్టరుంటాడు. పొట్టలో గుండు దిగిన జింకకు పొదమాటున గంటల తరబడి నరకం. కాబట్టి దాన్ని చంపదలచినవాడు వెంటనే ప్రాణం పోయేలా కొట్టాలి. అందుకు ఎంత లావు గుండు కావాలి, ఎంత వేగం కావాలి అన్న లెక్క ఒక్కరోజులో తేలలేదు.

స్కాట్లండ్ కొండల్లో జింకల వేట హోదాకు గుర్తుగా మారింది విక్టోరియా కాలంలోనే. రాణి కుటుంబం 1848లో బాల్మొరల్ ఎస్టేటును కౌలుకు తీసుకుని, 1852లో కొనేసింది. రాణి భర్త ఆల్బర్ట్ అక్కడ ఎర్రజింకలను వేటాడాడు. అప్పటి రైఫిళ్లలో వాడింది పాతకాలపు నల్లటి తుపాకిమందు. గొట్టాలు లావు, గుండ్లు మెత్తటి సీసం. దగ్గర నుంచి తగిలితే సీసం ఒంట్లో పుట్టగొడుగులా విచ్చుకుని జింకను అక్కడికక్కడే కూల్చేది. చిక్కల్లా దూరంతోనే. వేగం తక్కువ కావడంతో గుండు త్వరగా కిందికి వాలిపోయేది. దూరం అంచనా కాస్త తప్పినా, గుండెకు పెట్టిన గురి కాలికి తగిలేది.

1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియెల్ పొగ రాని మందు తయారుచేయడంతో కథ మలుపు తిరిగింది. గొట్టాలు సన్నబడ్డాయి, వేగం ఎన్నో రెట్లు కాకపోయినా బాగానే పెరిగింది. ఆ వేగానికి ఉత్త సీసం తట్టుకోలేదు. అందుకని దానికి గట్టి లోహపు తొడుగు వేశారు. తెలుగు పోలీసుస్టేషన్లలో కూడా తరాల తరబడి వినిపించిన త్రీనాట్‌త్రీ ఈ జాతిదే. తొడుగున్న గుండు ఒంట్లోంచి సూటిగా దూసుకుపోయి సన్నటి రంధ్రం మాత్రమే మిగిల్చేది. 1895లో వాయవ్య సరిహద్దులోని చిత్రాల్ దండయాత్రలో శత్రువు పడిపోవడం లేదని బ్రిటిష్ సైనికులు గొణిగారు. దానికి విరుగుడు కలకత్తా శివారులోని డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో పుట్టింది. అక్కడ కెప్టెన్ బెర్టీ-క్లే గుండు కొసన తొడుగు తీసేసి, సీసం బయటికి కనిపించేలా చేశాడు. హేగ్‌లో దేశాలు వద్దన్నది ఈ తరహా గుండునే. వేటగాళ్లు మాత్రం దాన్ని వదల్లేదు, వదలకపోవడమే మంచిదైంది.

ఇక మిగిలింది పరిమాణం సంగతి. సన్న గొట్టమే చాలని వాదించినవాళ్లలో డబ్ల్యూ.డి.ఎం. బెల్ పేరు ముందు చెప్పాలి. ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను చంపిన ఈ స్కాట్లండ్ మనిషి ఎక్కువగా వాడింది 7 మిల్లీమీటర్ల రైఫిల్. ఏనుగు తలలో మెదడు ఎక్కడుంటుందో ఏ కోణం నుంచైనా గుర్తుపట్టగలగడమే అతని బలం. తర్వాత స్కాట్లండ్‌లో స్థిరపడి, 1935లో వచ్చిన .220 స్విఫ్ట్ అనే సన్న గొట్టం రైఫిల్‌తో ఎర్రజింకలను కొట్టాడు. దాని గుండు 48 గ్రెయిన్లు, అంటే మూడు గ్రాముల పైచిలుకు. వేగం సెకనుకు 4,110 అడుగులు. బెల్ చేతిలో అది పనిచేసింది. కానీ చట్టం బెల్ లాంటివాడి కోసం రాయరు. చలికి వేళ్లు కొంకర్లు పోయి, గాలి ఎదురుగా కొడుతుండగా, ఏడాదికి రెండు మూడుసార్లు తుపాకి పట్టేవాడి కోసం రాస్తారు.

1963 చట్టంలో ఆ ఆలోచన స్పష్టంగా కనిపిస్తుంది. అంతకుముందు ఇంగ్లండ్ అడవుల్లో రో అనే చిన్న జాతి జింకలను పీడగా చూసి, తోలుకొచ్చి షాట్‌గన్లతో కాల్చేవారు. ఒంటినిండా చిన్న గుండ్లతో తప్పించుకున్నవి ఎక్కడో పడి చచ్చేవి. కొత్త చట్టం రైఫిల్‌కు రెండు కొలతలు పెట్టింది. గొట్టం .240 అంగుళాలకు తగ్గకూడదు, గొట్టం నుంచి బయటపడేటప్పుడు శక్తి 1,700 అడుగు-పౌండ్లకు తగ్గకూడదు. స్విఫ్ట్ శక్తి సుమారు 1,800. రెండో పరీక్షలో నెగ్గుతుంది, మొదటిదాంట్లో తప్పుతుంది. 1955లో వించెస్టర్ కంపెనీ తెచ్చిన .243 రెండూ దాటుతుంది. అక్కడి వేటగాళ్లలో దానికి ఇప్పటికీ గిరాకీ.

స్కాట్లండ్ తన లెక్క తాను వేసుకుంది. 1985 నాటి అక్కడి ఉత్తర్వు గొట్టం లావును పట్టించుకోలేదు. ఎర్రజింకకు 100 గ్రెయిన్ల గుండు, సెకనుకు 2,450 అడుగుల వేగం, 1,750 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలంది. రో జింకకు 50 గ్రెయిన్లు, 1,000 అడుగు-పౌండ్లు చాలు. మామూలుగా పాతిక కిలోలు మించని అదే రో జింకను సరిహద్దుకు ఉత్తరాన .223 రైఫిల్‌తో కాల్చవచ్చు, దక్షిణాన కాలిస్తే నేరం. ఇంకో విడ్డూరం: అమెరికాలో 1895 నుంచి లెక్కలేనన్ని జింకలను కూల్చిన .30-30 మామూలు తూటా వేగం 2,400 అడుగులు కూడా దాటదు. స్కాట్లండ్ ఎర్రజింక మీద అది చెల్లదు. అంకెలతో దయను కొలవబోతే ఇలాంటి అతుకులు తప్పవు. అయినా అంకెలు లేని రోజుల కన్నా ఇది ఎంతో మేలు.

కొలత సరిపోయినంత మాత్రాన పని అయిపోదు. స్టాకర్లు, అంటే జింక దగ్గరికి పాక్కుంటూ వెళ్లి కాల్చే వేటగాళ్లు, గురిపెట్టేది ముందుకాలి వెనక, గుండె, ఊపిరితిత్తులు ఉన్నచోట. గుండెలో తగిలిన జింక కూడా కొన్ని పదుల గజాలు పరుగెత్తి పడిపోవచ్చు. అప్పుడు వాళ్లు అది నిలబడ్డ చోటికి వెళ్లి గడ్డి వెతుకుతారు. గులాబి రంగు నురగ రక్తం కనిపిస్తే ఊపిరితిత్తులకు తగిలినట్టు. ఆకుపచ్చటి గుజ్జు అంటుకుంటే పొట్టలో తగిలినట్టే. ఇక కుక్కను తెచ్చి జాడ పట్టాల్సిందే. ఎంత పెద్ద గుండయినా పొట్టలో తగిలితే అది మంచి దెబ్బ కాదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట చాలావరకు ముగిసింది. బ్రిటన్‌లో తోడేళ్లు ఏనాడో అంతరించాయి, జింకలు పెరిగిపోయి లేతమొక్కలను బతకనీయడం లేదు. అందుకే అక్కడ ఈ లెక్క ఇంకా సాగుతోంది. ముంట్జాక్ అనే చిన్నపాటి జింక కోసం ఇంగ్లండ్ 2007లో .22 తరగతి శక్తివంతమైన రైఫిళ్లను అనుమతించింది. ఇప్పుడు చర్చంతా సీసం గురించే. విచ్చుకునేటప్పుడు రాలే సీసపు తునకలు మాంసంలో మిగిలిపోతాయి, పారేసిన పేగులు తిన్న పక్షులకు విషమవుతాయి. డెన్మార్క్ 2024 ఏప్రిల్ నుంచి సీసపు రైఫిల్ గుండ్లను నిషేధించింది. సీసానికి బదులు వాడే రాగి దానికన్నా తేలిక కావడంతో, .243లో 100 గ్రెయిన్ల రాగి గుండు ఇమడటం కష్టం. అందుకే స్కాట్లండ్ 2023లో కనీస బరువును 80 గ్రెయిన్లకు తగ్గించింది. రాగి గట్టిది. వేగం బాగా ఉంటేనే విచ్చుకుంటుంది, దూరం పోయేకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. కనక రాగికి మారిన స్టాకరు మునుపటి కన్నా ఇంకాస్త దగ్గరికి పాక్కుంటూ వెళ్లాలి.