బోర్డు మీది మాటలు – మాటల వెనుక చరిత్ర

మన రామచంద్రపురం మెయిన్ రోడ్డు మీద నడిచేటప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి. కిళ్ళీకొట్టు మొదలు నగల దుకాణం వరకు ప్రతి గుమ్మం మీదా ఒక బోర్డు కనబడుతుంది. దాని మీది అక్షరాలు అందరం చదువుతాం. కాని ఆ బోర్డులు రాసేవాళ్ళు తమలో తాము వాడుకునే మాటలకు కూడా ఒక చరిత్ర ఉన్నదని చాలామందికి తోచదు. ఆ మాటలు పలికేవారు ఏటేటా తగ్గిపోతున్నారు గనుక, వాటిని గురించి నాలుగు ముక్కలు రాసి ఉంచడం మంచిదని తలచాను.

పూర్వం ఊరికి కబురు చెప్పాలంటే దండోరా వేయించేవారు. నలుగురికీ శాశ్వతంగా తెలియవలసిన సంగతి అయితే రాతి మీద చెక్కించేవారు. మనకు దగ్గరలోని ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో అటువంటి శాసనాలు వందల సంఖ్యలో ఉన్నాయి. రాజరాజ నరేంద్రుని నందంపూడి శాసనం రచించినవాడు నన్నయభట్టని ఆ శాసనమే చెబుతున్నది. రచన చేసినవాని పేరు, రాసినవాని పేరు చివర చెప్పడం ఆనాటి ఆచారం. మొన్న మొన్నటి దాకా మన పెయింటర్లు కూడా బోర్డు కింద మూలన చిన్న అక్షరాలతో తమ పేరు వేసుకునేవారు కదా! రాతికీ రేకుకూ మధ్య ఎన్ని వందల ఏళ్ళు గడిచినా, పనివాడికి తన పనిమీద ఉండే అభిమానం మాత్రం ఒక్కటే.

ఇక మాటల సంగతి. దుకాణం అనేది అరబ్బీ దుక్కాన్ నుంచి, పారశీకం మీదుగా మనకు వచ్చింది. బజారు పారశీక పదం. నమూనా కూడా అంతే. నకలు అరబ్బీ నక్ల్. ప్రకటన కాగితాన్ని కచేరీలలో ఇస్తిహారు అనేవారు. అది అరబ్బీ ఇశ్తిహార్. కలం అనే మాట అరబ్బీ ఖలమ్. దానినుంచే మచిలీపట్నం, శ్రీకాళహస్తి అద్దకాలకు కలంకారీ అనే పేరు వచ్చింది. నగిషీ అనే మాటకు మూలం నఖాషీ. చేర్యాల పటాలు గీసే చిత్రకారులను నేటికీ నకాషీలనే అంటారు. రాజమండ్రిలోను, మచిలీపట్నంలోను ఉద్యోగం చేసిన బ్రౌను దొర ఇటువంటి అన్యదేశ్యాలను పోగుచేసి 1854లో మిశ్రభాషా నిఘంటువుగా ప్రకటించాడు. ఆ మీదట బోర్డు, పెయింటు, బ్రష్షు, షేడు ఇంగ్లీషు నుంచి వచ్చాయి. పని పెద్దను పిలిచే మేస్త్రీ అనే మాటేమో పోర్చుగీసువారిది. రేకు, గీత, కుంచె మనవే. ఇన్ని దేశాల మాటలు ఒక్క నిచ్చెన మీద కలిసి పనిచేశాయన్నమాట.

పని తీరు కూడా చెప్పుకోవాలి. మొదట రేకును గరుకు కాగితంతో రుద్ది తుప్పు వదలగొడతారు. తరువాత రెడ్డాక్సైడు పూస్తారు. తుప్పును ఆపేది అదే. అది ఆరాక గ్రౌండు రంగు రెండు చేతులు వేస్తారు. సుద్ద రాసిన దారాన్ని రెండు కొసలా బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గీత పడుతుంది. ఆ గీతల నడుమ సుద్దముక్కతో అక్షరాలు గీసుకుని, అప్పుడు కుంచె ముంచుతారు. చెయ్యి వణక్కుండా ఒక కర్రను ఆనించి, దానిమీద మణికట్టు మోపుతారు. చివరకు అవుట్‌లైను, షేడు. అద్దం మీద రాయాలంటే వెనుకవైపు నుంచి తిరగేసి రాయాలి. అది అందరికీ వచ్చే విద్య కాదు.

తెలుగు అక్షరాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. ఇంగ్లీషు పెద్దక్షరాలు రెండు గీతల మధ్య ఒదిగిపోతాయి. మనకో, పైన తలకట్టు, గుడి, ఏత్వం, పక్కన కొమ్ము, కింద ఒత్తు, క్రారవడి. కాబట్టి పైనా కిందా చోటు విడవాలి. కాని అడ్డం మాత్రం కలిసొస్తుంది. రామచంద్రపురం అనే పేరు తెలుగులో 6 అక్షరాలు, ఇంగ్లీషులో 16. ఆరడుగుల బోర్డు మీద తెలుగు అక్షరానికి అడుగు చోటు దొరికితే, ఇంగ్లీషు అక్షరానికి దక్కేది నాలుగున్నర అంగుళాలే! నరసాపురంలో 1933లో పుట్టిన బాపుగారి చేతిరాతను ఎందరో పెయింటర్లు, శుభలేఖలవారు ఒరవడిగా పెట్టుకోవడం మన జిల్లాలవారందరూ ఎరిగినదే.

ఉర్దూ రాతకు వేరే కొలత. బాగ్దాదులో మంత్రిగా పనిచేసి 940లో మరణించిన ఇబ్నె ముఖ్లా, కలం పాళీతో పెట్టిన చుక్కనే కొలబద్దగా చేసుకుని అక్షరాల పొడవు, వంపు నిర్ణయించాడు. ఆ చుక్కను నుఖ్తా అంటారు. చేతిరాతతో జీవించేవాడు కాతిబ్. హైదరాబాదు ఛత్తాబజారు కాతిబ్‌లకు పేరుపడ్డ చోటు. మద్రాసులో 1927లో మొదలైన ముసల్మాన్ పత్రిక, కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడా ఎన్నో ఏళ్ళు చేతిరాతతోనే వెలువడింది. 1981లో నూరీ నస్తాలీఖ్, 1994లో ఇన్‌పేజ్ రావడంతో కాతిబ్‌ల చేతిలో పని జారిపోయింది.

అయితే యంత్రం వచ్చినంత మాత్రాన తప్పులు పోలేదు. ఒక సభకు ఉర్దూలో బ్యానరు వేయిస్తే, అక్షరాలన్నీ విడివిడిగా, పైగా ఎడమనుంచి కుడికి పడ్డాయి. ఉర్దూ కుడినుంచి ఎడమకు నడుస్తుంది, అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ ఏర్పాటు లేని కంప్యూటరు వాటిని తిరగేసి విడగొట్టేసింది. అచ్చువేసిన కుర్రవాడికి ఉర్దూ రాదు; వేయించిన మాలో ఒక్కరమూ ముందుగా చూడలేదు. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన, “ఏం బాబూ, ఇది ఏ భాష?” అని అడిగేసరికి తల ఎత్తుకోలేకపోయాం. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రెండవ అధికార భాషగా చేసే బిల్లు ఆమోదించింది. చట్టం వచ్చినా, బోర్డు మీద సరిగా రాసే చెయ్యి, సరిచూసే కన్ను లేకపోతే ప్రయోజనమేమిటి?

కొత్త మాటలు కూడా తమాషాగానే ఉంటాయి. బండ్ల మీద అంటించే మెరుపు అక్షరాలను రేడియం అంటాం. అందులో రేడియం రవ్వంత కూడా లేదు! క్యూరీ దంపతులు కనిపెట్టిన రేడియాన్ని ఒకప్పుడు గడియారం అంకెలు చీకట్లో వెలగడానికి పూసేవారు. అది ప్రమాదమని తేలి మానేశారు. పేరు మాత్రం స్టిక్కరుకు అంటుకుపోయింది. రంగు దీపాల బోర్డుకు పేరిచ్చిన నియాన్ వాయువు కూడా, రేడియం లాగే, 1898లోనే బయటపడింది.

తరువాత ఫ్లెక్సీ వచ్చింది. వంగే గుణాన్ని చెప్పే ఇంగ్లీషు మాటకు మనవాళ్ళు దీర్ఘం తగిలించి సొంతం చేసుకున్నారు. నాలుగు రోజుల పని గంటలో అయిపోసాగింది. కుంచె పట్టినవారు కొందరు ఇళ్ళ సున్నాలకు, కొందరు వేరే పనులకు పోయారు. 2022 ఆగస్టు 26న ముఖ్యమంత్రి విశాఖపట్నంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. గడువు తరువాత 2023 జనవరి 26కు మారింది. బట్ట బ్యానరు మాట మళ్ళీ వినబడింది గాని, దానిమీద చేత్తో రాసేవారు ఎందరు మిగిలారు?

ఆ 2022లోనే మన ఊరు తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి వెళ్ళింది. బోర్డుల మీద జిల్లా పేరు మార్చుకోవలసి వచ్చింది. పాత బోర్డు చెరిపితే ఆ కాలం సాక్ష్యం కూడా చెరిగిపోతుంది. కాబట్టి చదువరులకు ఒక మనవి. మీ దుకాణం పాత రేకు బోర్డు దించేముందు ఒక ఫోటో తీసి ఉంచండి. రాసిన మేస్త్రీ జీవించి ఉంటే, పక్కన కూర్చుని ఆయన వాడే మాటలు పిల్లలచేత కాగితం మీద పెట్టించండి. కొత్త బోర్డు వేయించేటప్పుడు, ఏ భాషలోనైనా సరే, ఆ భాష వచ్చిన పెద్దలకు ఒకసారి చూపించండి. ఊరి పేరు, మనిషి పేరు తప్పు లేకుండా రాయడం కూడా ఒక మర్యాదే.